గుడి కొండ రాళ్లు మంచు మోసినవేనా?

ఆదివారం సెలవు దొరికితే మేం నలుగురం సిడ్నీ నుంచి హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్తాం. మొన్న మంచిర్యాల తమ్ముడొకడు బండలు చూసి, "అన్నా, ఇవి పాతకాలం మంచు తోసుకొచ్చినవేనా?" అన్నాడు.

కాదు తమ్మీ! ఇక్కడి ఇసుకరాయి నదులు పరిచింది. 20 వేల ఏళ్ల కిందటి మంచుయుగంలోనూ ఈ ప్రధాన భూభాగంలో మంచు కోజియస్కో శిఖరాలు దాటి రాలేదు.

అయితే అంతకంటే పాత మంచు ఒకటుంది. ఇంకా దక్షిణాన వాస్ప్ హెడ్ తీరంలో, సుమారు 29 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు పొరల్లో విడివిడిగా రాళ్లున్నాయి. తేలుతూ వచ్చిన మంచుగడ్డలు కరిగి జారవిడిచినవే అవి. రాయి పడిన చోట కింది పొర వంగి ఉంటుంది. అదే సాక్ష్యం. పునాది తవ్వేటప్పుడు మేమూ రాయి ఒక్కటే చూడం, దాని కింద ఏముందో చూస్తాం.

అప్పట్లో ఇండియా, ఆస్ట్రేలియా గోండ్వానా అనే ఒకే ఖండం. ఒడిశాలోని తాల్చేరులో మంచు తెచ్చిన రాళ్ల పొరను బ్లాన్‌ఫర్డ్ సోదరులు 1856లోనే గుర్తించారు. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు కిందా ఆ పొర ఉంది. మంచు తగ్గాక పెరిగిన అడవులే అక్కడా, హెలెన్స్‌బర్గ్ గనిలోనూ బొగ్గయ్యాయి.

"అయితే మా నాయన తవ్విందీ, ఈ ఊరోళ్లు తవ్విందీ ఒకే నేల బొగ్గన్నట్టు!" అన్నాడు తమ్ముడు. ఆ పూట మాకు ఊరు కాస్త దగ్గరైంది.