వంట మనింట్లో, విందు పక్కింట్లో

పాత రాస్ప్‌బెర్రీ పై మీద లినక్స్ కెర్నల్ కంపైల్ చేయాలంటే గంటలకు గంటలు పడుతుంది. అందుకే మన ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి, తయారైన కెర్నల్‌ని పై మెమరీ కార్డులో పెడతాం. దీన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు. వంట మనింట్లో, విందు పక్కింట్లో అన్నమాట. మరి తినేవాళ్ల రుచి ఏంటో వండేవాళ్లకి తెలియాలి కదా? ఆ సంగతి చెప్పేవే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్.

మన ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ఎక్స్86 ప్రాసెసర్. పై లో ఉండేది ఆర్మ్. ఒకదాని భాష ఇంకోదానికి అర్థం కాదు. కాబట్టి మేక్ కమాండ్‌కి రెండు విషయాలు చెప్పాలి. మొదటిది 'ఆర్చ్', అంటే ఏ ప్రాసెసర్ కోసం అని. 64 బిట్ పై అయితే విలువ ఆర్మ్64. రెండోది 'క్రాస్ కంపైల్', అంటే ఏ కంపైలర్‌తో అని. ఇక్కడ ఇచ్చేది కంపైలర్ పూర్తి పేరు కాదు, పేరు ముందుండే భాగం మాత్రమే. దాని చివర హైఫన్ కూడా ఉండాలి. మేక్ ఆ భాగానికే జీసీసీ, ఎల్‌డీ లాంటి పేర్లు అతికిస్తుంది. హైఫన్ లేకపోతే ఆ పేరుతో కంపైలరే దొరకదు.

ఎక్స్‌పోర్ట్ చేసిన విలువలు ఆ టెర్మినల్‌కి, అందులోంచి పుట్టే ప్రోగ్రాములకి మాత్రమే వెళ్తాయి. తల్లిదండ్రుల ఆస్తి పిల్లలకి వస్తుంది గానీ పక్కింటివాళ్లకి రాదుగా! కొత్త ట్యాబ్‌లో మేక్ కొడితే అది ల్యాప్‌టాప్ ప్రాసెసర్ కోసమే అనుకుని, కాన్ఫిగరేషన్ ప్రశ్నల వరద మొదలుపెడుతుంది.

అసలు ప్రమాదం సుడో దగ్గర. సుడో మామూలుగా మన వేరియబుల్స్‌లో చాలావాటిని తీసేసి కమాండ్ నడుపుతుంది. మాడ్యూల్స్ ఎక్కడ పెట్టాలో చెప్పే 'ఇన్‌స్టాల్ మాడ్ పాత్' కూడా అలా పోతే, అవి పై కార్డులోకి కాకుండా మన ల్యాప్‌టాప్ సిస్టమ్ ఫోల్డర్‌లోకి పోతాయి. అదీ రూట్ హక్కులతో! అందుకే ఈ మూడింటినీ సుడో మేక్ తర్వాత అదే లైన్‌లో రాయడం మేలు. ఎక్స్‌పోర్ట్‌లో వేరే విలువ ఉన్నా లైన్‌లో రాసిందే చెల్లుతుంది.

'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' పుస్తకం ఇంకో అడుగు ముందుకేస్తుంది. బిల్డ్ కోసం విడిగా ఒక యూజర్‌ని పెట్టి, పాత వేరియబుల్స్ అన్నీ తుడిచేసి, అవసరమైనవి మాత్రమే మళ్లీ ఇస్తుంది.

నా పద్ధతి ఇది: బిల్డ్‌కి ముందు ఎకోతో విలువలు చూస్తాను. అయ్యాక, వచ్చిన విఎంలినక్స్ మీద ఫైల్ కమాండ్ నడుపుతాను. ఆర్మ్ అని వస్తే సరే. ఎక్స్86 అని వస్తే మాత్రం కార్డు జోలికి వెళ్లకండి, ముందు వేరియబుల్స్ సరిచూసుకోండి.