మెదడు స్కాన్‌ను ఏ పటంతో పోల్చాలి? భారతీయులకు ప్రత్యేక అట్లాస్ ఎందుకు అవసరమైంది?

బిలాస్‌పూర్ నుంచి విశాఖపట్నానికి భూపటంపై గీత గీస్తే దూరం సుమారు 500 కిలోమీటర్లు. రైలెక్కితే అది 600 దాటుతుంది. బండి ముందుగా నైరుతి దిశలో రాయపూర్ చేరి, అక్కడి నుంచి ఆగ్నేయానికి మళ్లి, టిట్లాగఢ్, రాయగడ మీదుగా తూర్పు కనుమలను దాటి విజయనగరం రావాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ తేడా అనుభవంలో ఉన్నదే. టికెట్టు ధర పట్టాల వెంట సాగే దూరాన్ని బట్టి ఉంటుంది గాని, పటం మీది గీతను బట్టి కాదు.

మెదడును స్కాన్ చేసి, ఆ ఫలితాలను పటంపై గుర్తించే శాస్త్రవేత్తలకూ సరిగ్గా ఇదే చిక్కు ఎదురైంది.

మెదడు పైభాగాన్ని కప్పి ఉంచే మస్తిష్క వల్కలం సగటున రెండున్నర మిల్లీమీటర్ల మందం గల పలుచని పొర. భాష, చూపు, స్పర్శ, కదలిక, ఆలోచన వంటి వాటిలో ఎక్కువ భాగం ఈ పొరపైనే ఆధారపడతాయి. దీనిని మడతలు విప్పి పరిస్తే దాదాపు ఒక దినపత్రిక పుటంత వైశాల్యం వస్తుంది. అంత పొర పుర్రెలో ఇమడాలంటే ముడుచుకోక తప్పదు. అందుకే గట్లు, వాటి మధ్య లోతైన చీలికలు ఏర్పడ్డాయి. పొరలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ చీలికల లోపలే దాగి ఉంటుంది.

ఫంక్షనల్ ఎమ్మారై యంత్రం రక్తంలోని ఆక్సిజన్ మార్పులను బట్టి మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో అంచనా వేస్తుంది. అయితే అది మెదడును పొరగా చూడదు, చిన్న చిన్న ఘనాలుగా విభజించి చూస్తుంది. ఒక్కో ఘనం సాధారణంగా రెండు, మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. చెవికి ఎగువన మెదడు పక్కగా సాగే పెద్ద చీలికనే తీసుకుందాం. దాని పై గట్టున స్పర్శకు సంబంధించిన ప్రాంతం ఉంది, కింది గట్టున వినికిడికి సంబంధించిన ప్రాంతం ఉంది. రెండింటి మధ్య ఎడం కొన్ని మిల్లీమీటర్లే. కాని పొర వెంట నడిచి వెళ్లాలంటే చీలిక అడుగు దాకా దిగి మళ్లీ పైకి రావాలి. ఘనాల లెక్కలో చిన్న పొరపాటు జరిగినా ఒక గట్టుపై కనిపించిన చురుకుదనం ఎదుటి గట్టు ఖాతాలో పడుతుంది.

దీనికి పరిష్కారంగా 1990వ దశకంలో పొరను పొరగానే కొలిచే పద్ధతి రూపుదిద్దుకుంది. ఆండర్స్ డేల్, బ్రూస్ ఫిషల్ తదితరులు అభివృద్ధి చేసిన ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్ ఇందులో ప్రసిద్ధమైనది. స్కాన్‌లో బూడిదరంగు పదార్థానికీ తెల్లని పదార్థానికీ మధ్య ఉన్న సరిహద్దును అది వెదికి పట్టుకుంటుంది. ఆ సరిహద్దు వెంట వేలాది త్రిభుజాలతో ఒక వల అల్లుతుంది. తర్వాత ఆ వలను బుడగ ఊదినట్లు ఉబ్బించి గోళంగా మారుస్తుంది. మడతల లోపల దాగిన భాగాలన్నీ అప్పుడు బయటపడతాయి. చివరగా రోగి గోళంపై ఉన్న గట్ల తీరును సగటు గోళంపై ఉన్న గట్ల తీరుతో సరిపోల్చి, ఆ వరుసలో ప్రాంతాల పేర్లు గుర్తిస్తుంది. ఈ పద్ధతిలో విరివిగా వాడే సగటు ఉపరితలంలో ఒక్కో అర్ధగోళానికి 1,63,842 బిందువులు ఉంటాయి. అది 40 మంది మెదళ్ల నుంచి తయారైంది.

కొలిచే తీరు మెరుగుపడింది. అయితే ఆ సగటు ఎవరిది?

మెదడు పటాల చరిత్ర చూస్తే ఈ ప్రశ్న ఎంత పాతదో తెలుస్తుంది. 1909లో జర్మన్ శాస్త్రవేత్త కోర్బీనియన్ బ్రాడ్‌మన్ కణాల అమరికను సూక్ష్మదర్శినితో పరిశీలించి వల్కలాన్ని ప్రాంతాలుగా విభజించి సంఖ్యలు ఇచ్చారు. ఆ సంఖ్యలను వైద్యులు నేటికీ వాడుతున్నారు. 1988లో టలైరాక్, టూర్నూ ప్రచురించిన అట్లాస్‌కు ఆధారం ఒకే ఒక్క వృద్ధ మహిళ మెదడు. ప్రపంచంలోని ఎన్నో పరిశోధనలు ఏళ్ల తరబడి ఆ ఒక్క మెదడు కొలతలతో సరిచూసుకున్నాయంటే నేడు వింతగానే అనిపిస్తుంది. తర్వాత కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 305 మంది స్కాన్‌లను కలిపి సగటు పటం రూపొందించింది. 2016లో అమెరికాలోని హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు 210 మంది యువ వయస్కుల స్కాన్‌ల ఆధారంగా ఒక్కో అర్ధగోళంలో 180 ప్రాంతాలను గుర్తించింది. ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే. కాని వీటిలో ఏదీ భారతీయులను కొలమానంగా తీసుకొని చేసింది కాదు.

ఆ లోటును పూరించే ప్రయత్నం హైదరాబాద్‌లో జరిగింది. అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఆచార్య జయంతి శివస్వామి నేతృత్వంలోని బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య సంస్థ సహకారంతో, 2019లో ‘ఐబీఏ 100’ అనే భారతీయ మెదడు అట్లాస్‌ను వెలువరించింది. ఆరోగ్యంగా ఉన్న 50 మంది స్త్రీలు, 50 మంది పురుషుల ఎమ్మారై స్కాన్‌లు దానికి ఆధారం. ఇది ఉపరితల పటం కాదు, మెదడు ఘనరూపాన్ని తీసుకున్న అట్లాస్. పాశ్చాత్యులతోనే గాక చైనా, కొరియా ప్రజల సగటుతో పోల్చినా భారతీయుల మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణాల్లో కొంత చిన్నదిగా ఉన్నట్లు ఇందులో తేలింది.

నాడు ఈ వార్తకు ‘భారతీయుల మెదడు చిన్నది’ అన్న తీరులో శీర్షికలు వచ్చాయి. అసలు విషయం వాటి వెనుక మరుగున పడింది. ఈ కొలతలకూ తెలివితేటలకూ సంబంధం అంటగట్టడానికి ఆ అధ్యయనంలో ఆధారమేమీ లేదు. అది చెప్పినది వేరు. అల్జీమర్స్ వ్యాధిలో మెదడులోని హిప్పోకాంపస్ కుంచించుకుపోతుంది. ఆ భాగం ఎంత తగ్గిందో నిర్ణయించడానికి రోగి కొలతను ఆరోగ్యవంతుల సగటుతో పోలుస్తారు. ఆ సగటే మరో జనసమూహానిదైతే, సహజంగా చిన్నదిగా ఉన్న భాగం కూడా వ్యాధి వల్ల తగ్గినట్లు కనిపించే ప్రమాదం ఉంది. అంటే లేని జబ్బును ఉన్నట్లు అనుమానించవలసి వస్తుంది.

ఐబీఏ 100లో పాల్గొన్న వారు యువ వయస్కులు. కనుక పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగి స్కాన్‌ను దానితో పోల్చడమూ సరికాదు. వయసుతో పాటు మెదడు మారుతుంది. బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు పాల్గొన్న మరో అధ్యయనం 6 నుంచి 60 ఏళ్ల వరకు వయసును ఐదు దశలుగా విభజించి, ఒక్కో దశకు ఒక్కో భారతీయ పటాన్ని 2020లో అందించింది. 60 దాటిన వారు దాని పరిధిలోకి రారు. మతిమరుపు వ్యాధులు ఎక్కువగా కనిపించేది ఆ వయసులోనే.

శస్త్రచికిత్స సంగతి వేరు. మూర్ఛకో కణితికో మెదడుకు ఆపరేషన్ చేసే వైద్యులు సగటు పటాన్ని మాత్రమే నమ్ముకోరు. ఆ రోగిదే ఫంక్షనల్ ఎమ్మారై తీస్తారు. అవసరమైతే రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, వల్కలంపై స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేసి మాటకు సంబంధించిన చోటును నిర్ధారించుకుంటారు. కణితి పెరిగినప్పుడు గట్లు పక్కకు జరుగుతాయి. అప్పుడు ఏ అట్లాస్‌లోని గుర్తు అయినా ఉన్నచోట ఉండదు.

కొన్ని ఆస్పత్రుల్లో కంప్యూటర్ సాయంతో మెదడు భాగాల ఘనపరిమాణాన్ని లెక్కగట్టి, సాధారణ స్థాయితో పోల్చిన అంకెలను నివేదికలో జతచేస్తున్నారు. అలాంటి నివేదిక చేతికి వచ్చినప్పుడు, ఆ సాధారణ స్థాయిని ఏ దేశపు వారి, ఏ వయసు వారి స్కాన్‌ల నుంచి నిర్ణయించారని కుటుంబ సభ్యులు న్యూరాలజిస్టును అడగవచ్చు.