కొమ్మ ఎక్కడ కోయాలి?

పిల్లలూ, అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే మన సామానంతా లారీ ఎక్కుతుంది. ఎక్కనిది క్వార్టరు ముందున్న చెట్టు ఒక్కటే. నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ అలాంటి చెట్టు గురించి ఒకే తగవు విన్నాను. "కరెంటు తీగలకు తగులుతోంది, మొదలంటా కొట్టేయండి" అని ఒకరు. "చెట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకోం" అని ఇంకొకరు. చివరికి వానాకాలం ముందు ఒకరోజు ఎవరో వచ్చి, కొమ్మలన్నీ నరికి, మోడు మిగిల్చి వెళ్తారు.

నరకడానికీ, అసలు ముట్టుకోకపోవడానికీ మధ్య ఇంకో దారి ఉంది. అదే చెట్లకు చేసే శస్త్రచికిత్స.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. మన వేలు తెగితే కొత్త చర్మం వచ్చి గాయం మానుతుంది. చెట్టుకు అలా మానదు. దెబ్బతిన్న కలప మళ్లీ బాగుపడదు. చెట్టు దాని చుట్టూ లోపల గోడలాంటిది కట్టుకుని కుళ్లు పాకకుండా అడ్డుకుంటుంది. పైన కొత్త కలప పెరిగి గాయాన్ని కప్పేస్తుంది. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది చెట్లను కోసి పరిశీలించి ఈ విషయాన్ని వివరించారు.

అందుకే కోత ఎక్కడ పడిందన్నది ముఖ్యం. కొమ్మ కాండాన్ని కలిసేచోట కొంచెం ఉబ్బెత్తుగా మెడలాంటి భాగం ఉంటుంది. దానికి సరిగ్గా బయట కోయాలి. మెడను కూడా కోసేస్తే గోడ కట్టే శక్తి పోతుంది. మరీ దూరంగా కోస్తే మిగిలిన ముక్క ఎండి కుళ్లుతుంది. బరువైన కొమ్మకు మూడు కోతలు పెడతారు. మొదటిది కాస్త దూరంలో కింది నుంచి కొద్దిగా, రెండోది దానికి అవతల పై నుంచి, మూడోది మెడ దగ్గర. మొదటి కోత లేకపోతే, పడే కొమ్మ కాండం బెరడును కూడా చీల్చుకుపోతుంది.

మరి తలంతా నరికేస్తే? కొత్త కొమ్మలు గుబురుగా వస్తాయి. కానీ వాటి పట్టు బలహీనం. పెరిగాక గాలివానకు ముందు విరిగేవి అవే. భద్రత కోసమని చేసిన పనే ప్రమాదం తెస్తుందన్నమాట.

వేర్ల సంగతీ చూడాలి. మొదలు చుట్టూ సిమెంటు పరిస్తే నీరు, గాలి అందవు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. అక్కడ చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలని 1994 నాటి చట్టం చెబుతోంది. మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆసరాలు కట్టారు. ముసలి మర్రి అని వదిలేయలేదు.

రంపం పని నేర్చినవాళ్లది. మీరు చెట్టెక్కి కోయవద్దు. చూడటం మాత్రం మీ వంతు. ఈ సాయంత్రం మీ క్వార్టరు ముందు చెట్టును ఒకసారి చుట్టి రండి. మొదట్లో పుట్టగొడుగులు ఉన్నాయా? కొత్త పగులు కనిపిస్తోందా? కాండంలోకి తీగ దిగిపోయిందా? ఉంటే పెద్దవాళ్లకు చెప్పండి. మూడేళ్లకు మనం వెళ్లిపోతాం. తర్వాత ఆ ఇంటికి వచ్చే పిల్లలు సైకిలు పెట్టుకునేది ఆ నీడలోనే.