వెస్టర్న్ ఎలక్ట్రిక్ లౌడ్‌స్పీకర్లు: యాజమాన్య చరిత్ర అన్వేషణ

అరుదైన పాత లౌడ్‌స్పీకర్‌కు తొలి యజమాని ఎవరన్నది సేకర్తలు మొదట అడిగే ప్రశ్న. అమెరికాలో తొలి టాకీల కాలపు వెస్టర్న్ ఎలక్ట్రిక్ పరికరాల విషయంలో ఈ ప్రశ్నే పరిశోధకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది. బెల్ ప్రయోగశాలలకు చెందిన వెంటి, థురాస్‌లు రూపొందించిన 555 డ్రైవర్ 1926లో సినిమాహాళ్లలోకి ప్రవేశించింది. 1927లో ఏర్పడిన అనుబంధ సంస్థ ఎలక్ట్రికల్ రీసెర్చ్ ప్రొడక్ట్స్ ఈ సామగ్రిని థియేటర్లకు అమ్మలేదు. దీర్ఘకాలిక లీజు మీద అమర్చింది. అంటే థియేటరు వాడుకదారే గాని యజమాని కాదు. అమ్మకందారులు గొప్పగా చెప్పుకొనే థియేటరు పేరు పరికరం ఉన్న చోటును మాత్రమే తెలుపుతుంది. 1937లో థియేటర్ల నిర్వహణ బాధ్యత ఆల్టెక్ సంస్థకు మారింది. కనుక వెదకవలసినవి కొనుగోలు రసీదులు కావు, లీజు ఒప్పందాలు, మరమ్మతు పత్రాలు. వాటిలో క్రమసంఖ్య దొరికితే అదృష్టమే. అయినా పైనున్న సంఖ్య అసలుదై, లోపలి డయాఫ్రం మాత్రం తరువాత మార్చినదై ఉండవచ్చు. కాబట్టి డ్రైవర్‌ను విప్పి చూడక తప్పదు.