తేలియా రుమాలుకు 50 లక్సులు

బిడ్డా, చేతిమగ్గం మీద నేసిన పాత గుడ్డలు నాలుగు తెచ్చి, మన పద్మానగర్‌లో ఒక గదిలో పెట్టి అందరికీ చూపిద్దామన్నావు. పొద్దస్తమానం సాంచెల (మరమగ్గాల) మోత వినే భివండీ పిల్లలకు ఇది కావలసిందే. ముంబై బైకుల్లాలో భావు దాజీ లాడ్ మ్యూజియం ఉంది. 1872 నుంచి అక్కడి జనానికి చేతిపనుల అందం చూపిస్తోంది. అంత భవనం మనకెందుకు, ఒక్క అద్దాల బీరువా చాలు. దాన్ని కిటికీ పక్కన మాత్రం పెట్టకు.

ఎందుకంటావా? మీ ఇంట్లో కిటికీ కర్టెన్ మడత విప్పి చూడు. ఎండ తగిలినంత మేర వెలిసిపోయి, మడత లోపల రంగు అలాగే ఉంటుంది. వెలుగు శక్తిని మోసుకొస్తుంది. అతినీలలోహిత కిరణాలు ఇంకా ఎక్కువ మోసుకొస్తాయి. ఆ శక్తి తగిలి రంగు అణువులో బంధం తెగితే రంగు వెలుస్తుంది. నూలులోని సెల్యులోజ్ గొలుసు తెగితే పోగు బలం పోతుంది. తెగిన పడుగును క్షణంలో ముడేసే మనవాళ్ల వేళ్లకు కూడా ఆ తెగిన చోటు అందదు. గుడ్డను ఎన్నాళ్లు చీకట్లో దాచినా అది అతుక్కోదు.

అందుకే మ్యూజియంవాళ్లు పాత గుడ్డల మీద 50 లక్సులకు మించి వెలుగు పడనివ్వరు. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు 1,00,000 లక్సులు. లెక్క కట్టు: 50 లక్సుల్లో రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులు చూపిస్తే గుడ్డ మీద పడే వెలుగంతా, ఆ ఎండలో 22 నిమిషాలకే పడిపోతుంది. అందుకే ఒక్కో గుడ్డను మూడు నెలలు చూపించి, చుట్టి లోపల పెట్టి, ఇంకోదాన్ని బయటికి తియ్యాలి.

ముందు తేలియా రుమాలు పెట్టమంటాను. చీరాలలో, పుట్టపాకలో మనవాళ్లు నేసిన ఈ రుమాళ్లు అరబ్బు దేశాలదాకా వెళ్లాయి. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలుకు పట్టించి, ఆపైన రంగులు వేస్తారు. ఎరుపుకు వాడే పటికలోని అల్యూమినియం, అలిజరిన్ అనే రంగును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఆ ఎరుపు తేలిగ్గా పోదు. నలుపు సంగతి వేరు. అది ఇనుముతో వచ్చే రంగు. గాలిలోని ఆక్సిజన్ సెల్యులోజ్‌ను కొరికే పనిని ఇనుము వేగం చేస్తుంది. అందుకే పాత గుడ్డల్లో ఎరుపు నిలిచి ఉన్నా, దాని పక్కనే నలుపు పొడిపొడిగా రాలుతుంటుంది. అలాంటి గుడ్డను మేకులకు వేలాడదీస్తే సొంత బరువుకే చిరుగుతుంది. ఏటవాలు పలక మీద, గంజి పోయేదాకా ఉతికిన తెల్ల నూలు గుడ్డ పరిచి, దానిమీద పడుకోబెట్టు.

గంజి ఎందుకు పోవాలంటే, వెండిచేపలనే పురుగులకు అది మహా ఇష్టం. ఇక మన వానాకాలం ఉండనే ఉంది. షెడ్డులో గాలి పొడిబారితే పోగులు తెగుతాయని తేమ కోరుకుంటాం కదా, బీరువాలో అదే తేమ 65 శాతం దాటితే బూజుకు విందు. చిన్న తేమ మీటరు, సిలికా జెల్ పొట్లాలు లోపల పెట్టు. తేమ పీల్చి రంగు మారిన జెల్‌ను వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

పిల్లలు ముట్టుకోకుండా ఉండలేరు. వాళ్లను కసరొద్దు. పుట్టపాకలో ఇప్పుడు నేస్తున్న రుమాలు ఒకటి కొని బీరువా బయట బల్ల మీద పెట్టు. ఏ ఊళ్లో ఏ సంవత్సరం నేశారో చీటీ రాసి పెట్టు. ఆ రుమాలును నలపనీ, ముక్కు దగ్గర పెట్టుకుని నూనె వాసన చూడనీ.