సెలవుల్లో రాసిన ప్రోగ్రాము కళాశాలల్లో పాఠమైంది

పెగడపల్లి: నాటుకు ముగ్గురు కూలీలు వచ్చారు. ఒక్కొక్కరికి 500 రూపాయలు. ఆటో కిరాయి 200. మొత్తం ఎంత అని అడిగితే బడి ముఖం చూడని రైతు కూడా 1,700 అని ఠక్కున చెబుతాడు. అదే లెక్కను ‘200 ప్లస్ 3 ఇంటూ 500’ అని రాసి, ఎడమ నుంచి కుడికి వరుసగా చేసుకుంటూ పోతే 1,01,500 అవుతుంది. కొన్ని చిన్న కాలిక్యులేటర్లు నేటికీ ఇలాగే చూపుతాయి.

ఏది దేనితో కలుస్తుందో తెలియకపోవడమే ఈ పొరపాటుకు కారణం. ‘కొత్త ఎద్దుల బండి’ అంటే కొత్తవి ఎద్దులా, కొత్తది బండా? మనిషి సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. యంత్రానికి మాత్రం నియమం చెప్పాలి. రాసిన వరుసను ఆ నియమాల ప్రకారం విడదీసి, ఏ మాట దేనికి చెందుతుందో తేల్చే ప్రోగ్రామును పార్సర్ అంటారు. కంప్యూటరు భాష ఏదైనా ఇది లేనిదే పని నడవదు.

పూర్వం ప్రతి పార్సర్‌నూ చేత్తో రాసేవారు. ఒక్క నియమం మారిస్తే నాలుగుచోట్ల దిద్దవలసి వచ్చేది. నియమాలను మాత్రం ఇస్తే పార్సర్‌ను తానే రాసిపెట్టే ప్రోగ్రాము ఉంటే ఈ బాధ తప్పుతుంది. దానినే పార్సర్ జనరేటర్ అంటారు. మగ్గం పని తెలిసినవారికి దీనిని వివరించడం సులువు. జకార్డు మగ్గంలో అట్టలకు పడిన రంధ్రాలను బట్టి పూలు పడతాయి. నమూనా బొమ్మ ఇస్తే ఆ అట్టలను తయారుచేసిపెట్టే యంత్రం వంటిదే పార్సర్ జనరేటర్.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ 1970 దశకం తొలినాళ్లలో ‘యాక్’ అనే ఇటువంటి పనిముట్టును తయారుచేశారు. డోనాల్డ్ నూత్ 1965లో ప్రకటించిన సిద్ధాంతం దీనికి పునాది. అటువంటివి అప్పటికే చాలా ఉండడంతో ‘ఇది మరొకటి’ అనే అర్థం వచ్చేలా జాన్సన్ హాస్యంగా ఆ పేరు పెట్టడం విశేషం.

అయితే ఈ పనికి పెద్ద ప్రయోగశాలే అక్కరలేదని రుజువు చేసినవారు గైడో వాన్ రాసమ్. నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డాం గణిత, కంప్యూటరు పరిశోధన సంస్థలో ఆయన ఉద్యోగి. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆఫీసు మూసి ఉండగా, ఇంటి కంప్యూటరు ముందు కూర్చుని కాలక్షేపానికి ఒక కొత్త భాష మొదలుపెట్టారు. అందులో ఆయన మొట్టమొదట రాసిన భాగం పార్సర్ జనరేటరే. దానికి ‘పీజెన్’ అని పేరు. ఆ భాష 1991లో ‘పైథాన్’ పేరిట వెలువడింది. నేడు తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో విద్యార్థులు చదువుతున్న పైథాన్ ఇదే.

పీజెన్‌లో ఒక లోపం ఉన్నది. ఏ దారిన పోవాలో నిర్ణయించేందుకు అది ముందున్న ఒక్క మాటనే చూడగలదు. అందువల్ల కొన్ని నియమాలను వంకరగా రాయవలసి వచ్చేది. అయినా ఆ పద్ధతితోనే దాదాపు 30 ఏళ్లు పని నడిచింది. 2020లో వెలువడిన 3.9 వెర్షన్‌లో కొత్త పార్సర్ చేరింది. ఆ మార్పునకు పూనుకున్నవారిలో గైడో స్వయంగా ఉండడం గమనార్హం.

మన తెలుగువారూ వెనుకబడలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990 దశకం తొలినాళ్లలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని రూపొందించారు. ఎక్కడ గుణింతం పడాలి, ఎక్కడ ఒత్తు రావాలి అన్నదానిని అక్షరాల వరుసను బట్టి నియమాలే తేలుస్తాయి. తదుపరి వెన్న నాగార్జున ‘పద్మ’ను, దాని ఆధారంగా వీవెన్ 2006లో ‘లేఖిని’ని అందించారు. కీబోర్డు మీద తెలుగు అక్షరాలు లేకున్నా వేలాది మంది తెలుగు రాయగలగడం వీరి చలవే.

మన జిల్లాలో కొండగట్టు సమీపాన నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల 2007 నుంచి ఉన్నది. పార్సర్ల గురించి బోధించే కంపైలర్ డిజైన్ ఆ విశ్వవిద్యాలయపు పాఠ్యాంశమే. పరీక్ష రాసి మరచిపోకుండా, సెలవుల్లో చిన్నదొకటి సొంతంగా రాసి చూస్తే పాఠం ఒంటబట్టగలదు. మొదట కూడిక, గుణకారాలకు నాలుగైదు నియమాలు కాగితంపై పెట్టుకోవాలి. ఒకే వరుసకు రెండు అర్థాలు వచ్చేచోట ప్రోగ్రాము హెచ్చరించాలి. తప్పు రాస్తే ఎక్కడ తప్పిందో చెప్పాలి. కష్టమంతా ఈ రెండింటిలోనే ఉన్నది. పెట్టుబడి అంటూ ఏమీ లేదు. యాక్ బాటలో వచ్చిన ‘బైసన్’ ఉచితంగానే దొరుకుతుంది.

‘ముగ్గురికి ఐదొందల లెక్కన, ఆటోకు రెండొందలు’ అని మన రైతు చెప్పినట్టే రాస్తే 1,700 అని చూపే ప్రోగ్రాము ఈ ప్రాంత విద్యార్థులకు మంచి ఆరంభం కాగలదు. ‘లెక్కన’ అన్నా ‘చొప్పున’ అన్నా గుణకారమేనని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి. మన ఊరి మాటకు నియమం రాయవలసింది ఆ మాట తెలిసినవారే. అధ్యాపకులు ప్రోత్సహించి, విద్యార్థులు పూనుకుంటే వచ్చే వేసవి సెలవులు ఇందుకు చాలు.