ధ్వని కూర్పు – కంప్యూటరు నేర్పు

పాట మన చెవికి ఒకే ప్రవాహంగా వినిపిస్తుంది. గొంతు, వయొలిన్, మృదంగం అన్నీ కలిసే వస్తాయి. కాని ఈనాడు మనం వినే పాటల్లో చాలా భాగం అలా కలిసి పుట్టినవి కావు. ఒక్కొక్క ధ్వనినీ విడిగా రికార్డు చేసి, తరువాత కంప్యూటరులో కలుపుతారు. అలా విడిగా ఉంచిన వరుసలనే ట్రాకులు అంటారు. వాటిని సరిదిద్ది, పొందికగా కలపడమే మల్టీట్రాక్ ఎడిటింగు. ఒకప్పుడు పెద్ద స్టూడియోలకే పరిమితమైన ఈ పని ఇప్పుడు హాస్టలు గదిలోనే జరిగిపోతోంది. కాబట్టి అది ఎలా చేస్తారో, ఎంతవరకు చేయవచ్చునో విద్యార్థి మిత్రులు తెలుసుకోవడం మంచిది.

బ్లేడు నుంచి మౌస్ దాకా

పూర్వం మద్రాసు స్టూడియోలలో సినిమాపాట రికార్డింగు అంటే గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాడి వాయించవలసిందే. చివరి చరణంలో ఒక్క వయొలిన్ తప్పినా కథ మళ్ళీ మొదటికి! టేపును సవరించాలంటే బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించేవారు.

1957లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ గిటారు విద్వాంసుడు లెస్ పాల్‌కు 8 ట్రాకుల టేపు యంత్రాన్ని తయారుచేసి ఇచ్చింది. అయినా పదేళ్ళ తరువాత, 1967లో, బీటిల్స్ బృందం 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమును 4 ట్రాకుల యంత్రాల మీదనే రికార్డు చేసింది. ట్రాకులు చాలకపోతే ఉన్నవాటిని కలిపి మరో యంత్రంలో ఒకటి రెండు ట్రాకులకు కుదించేవారు. ఒకసారి కలిపాక మళ్ళీ విడదీసే దారి లేదు. 1991లో కంప్యూటరు మీద ప్రో టూల్స్ కూడా 4 ట్రాకులతోనే మొదలైంది. 2000లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా అందరికీ అందింది. నేటి మామూలు లాప్‌టాపు పదుల ట్రాకులను అవలీలగా మోస్తుంది.

అంకెలుగా మారిన ధ్వని

మైకు నుంచి వచ్చే విద్యుత్తరంగాన్ని కంప్యూటరు సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఇన్నిసార్లు ఎందుకయ్యా అంటే, మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జుల వరకు వినిపిస్తుంది. దాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలి. 16 బిట్ల లెక్కన ఒక్క ట్రాకు నిమిషానికి 5 మెగాబైట్లకు పైగా చోటు తీసుకుంటుంది.

ఇక్కడ ఒక కీలకమైన విషయం ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లలో మనం తెర మీద కత్తిరించినా అసలు ఫైలుకు దెబ్బ తగలదు. 'ఈ ఫైలులో 12వ సెకను నుంచి 18వ సెకను దాకా వినిపించు' అన్న సూచన మాత్రమే కంప్యూటరు రాసుకుంటుంది. సూచన మారిస్తే పాత ధ్వని మళ్ళీ వస్తుంది. బ్లేడుకు లేని సౌకర్యం ఇదే.

ఒక బుర్రకథను తీసుకుందాం

కాలేజీ వార్షికోత్సవంలో బుర్రకథ రికార్డు చేస్తున్నాం అనుకోండి. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. కథకుడి గొంతుకొక మైకు, ఇద్దరు వంతలకు రెండు, ప్రేక్షకుల చప్పట్లకొకటి – మొత్తం 4 ట్రాకులు.

మొదటి చిక్కు: డక్కీ చప్పుడు కథకుడి మైకులోకి కూడా దూరుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక, 1.7 మీటర్ల దూరంలోని మైకును 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండు ట్రాకులూ కలిపినప్పుడు ఈ ఆలస్యం వల్ల కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకుని, డక్కీ డొల్లగా మోగుతుంది. మైకు నోటికి ఎంత దూరంలో ఉందో, మైకుకూ మైకుకూ మధ్య దానికి కనీసం మూడు రెట్లు ఎడం ఉంచితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అంతేగాక, ఒక వంత తప్పు పలికితే ఆ ట్రాకు ఒక్కటీ కోస్తే చాలదు; ఆ మాట పక్క మైకులలో కూడా పడి ఉంటుంది. అన్ని ట్రాకులనూ ఒకే చోట కోయాలి.

రెండవది కోత. తరంగం సున్నా గీతను దాటే చోట కోయాలి. లేకపోతే 'టిక్కు'మని వినబడుతుంది. అతికే చోట ఒక ముక్క తగ్గుతూ ఉంటే రెండవది పెరుగుతూ వచ్చేటట్లు కొన్ని మిల్లీసెకన్లు కలిపితే అతుకు తెలియదు.

మూడవది స్థాయి. మైకు స్థాయి హద్దు మీరితే తరంగం తల తెగిపోతుంది. ఆ తెగిన భాగం ఫైలులో లేనే లేదు. సాఫ్ట్‌వేరు దాన్ని ఊహించి పూడ్చగలదే తప్ప తిరిగి తేలేదు. అందుకే రికార్డింగప్పుడే కాస్త తగ్గించి పెట్టుకోవడం తెలివి.

ఎంతవరకు?

ఇక అసలు ప్రశ్న. సౌకర్యం చేతికొచ్చిందని ప్రతి దగ్గునూ, ప్రతి ఊపిరినీ, ప్రతి నిశ్శబ్దాన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది? కథకుడు చెబుతుండగా వంత మధ్యలో అందుకోవడం, నవ్వు సద్దుమణిగే దాకా కథకుడు ఆగడం – ఇవి బుర్రకథకు ప్రాణం. వాటిని 'ఖాళీ' అని కత్తిరిస్తే మిగిలేది కథాసారాంశం. ఒక వృద్ధ కళాకారుడి ముచ్చట్లు ఎడిట్ చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఒక్క 'కాదు' తీసేస్తే ఆయన అన్నమాట తలకిందులవుతుంది, అతుకు మాత్రం ఎవరికీ వినబడదు! బ్లేడు కోత కనీసం టేపు మీద మచ్చగానైనా మిగిలేది.

కాబట్టి రెండు నియమాలు పెట్టుకుందాం. ఒకటి, అర్థం మారే చోట కోతపెట్టేముందు మాట్లాడిన వారికి వినిపించి ఒప్పించుకోవాలి. రెండు, కలిపిన ఫైలుతో తృప్తిపడి విడి ట్రాకులను చెరిపివేయకూడదు. వాటిని రెండుచోట్ల దాచి, తేదీ, స్థలం, కళాకారుల పేర్లు రాసిపెట్టాలి. బీటిల్స్ రోజుల్లో కలిపింది విడదీయలేకపోవడం యంత్రం చేసిన నిర్బంధం. ఈనాడు అసలును పోగొట్టుకుంటే అది మన అశ్రద్ధే అవుతుంది. మన కాలేజీ వేదిక మీద ఈ ఏడు పలికిన గొంతులను పదేళ్ళ తరువాత వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నవి ఉన్నట్లుగా వినగలగాలి.